నోట పుట్టిన నవలలు: విశ్వనాథ సత్యనారాయణ

నవల కంటికి చెందిన ప్రక్రియ యనియు, పురాణము చెవికి చెందిన ప్రక్రియ యనియు మన సాహిత్యచర్చలలో ఒక విభాగము చిరకాలముగా నున్నది. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట నవల పుట్టినది. పాఠకుడు దానిని ఒంటరిగా, మౌనముగా చదువుకొనును. పురాణ మట్లు కాదు. ఆలయ మంటపములో ఒకరు చదివి అర్థము చెప్పుచుండగా ఊరంతయు కూర్చుండి వినును. ఈ విభాగ మిటీవల చెదరిపోవుచున్నది. నవలలను ఆసాంతము చదివి వినిపించు ఆడియో పుస్తకములు తెలుగునను వచ్చినవి. బస్సులో ప్రయాణము చేయు విద్యార్థి, వంటయింట పనిలోనున్న గృహిణి, పొలము గట్టున నడచు రైతు సెల్‌ఫోనులో నవలను వినుచున్నారు. వినుట చదువుట యగునా, విన్నవానికి ఆ నవలపై తీర్పు చెప్పు నధికారము కలదా యని పెద్దలు సందేహించుచున్నారు. వయసు వచ్చుచున్న పిల్లల చెవిని ఏ ప్రేమకథ వేయవచ్చును, ఏది వేయరాదు అను ప్రశ్నయు దాని వెంటనే వచ్చినది.

ఈ ప్రశ్నలు కృష్ణాతీరమునకు క్రొత్తవి కావు. తెలుగున మిక్కిలి పెద్దవియు, మిక్కిలి ప్రసిద్ధములును అయిన నవలలలో నొకటి రచయిత కలము పట్టక నోటితో చెప్పగా పుట్టినది. దానిని చెప్పినవాడు మన జిల్లావాడే. ఆయన పేరు విశ్వనాథ సత్యనారాయణ. కవిసమ్రాట్టుగా, రామాయణ కల్పవృక్ష కర్తగా ఆయనను లోక మెరుగును. నవలలు చెప్పినవానిగా, ఆ నవలలపై వచ్చిన తీర్పులను మోసినవానిగా ఆయన జీవితమును మరియొకసారి తలచుకొనుట నేటి శ్రోతలకును, సమీక్షకులకును ఉపయోగకరమని నా నమ్మకము.

విశ్వనాథ 1895 సెప్టెంబరు 10వ తేదీన నందమూరులో జన్మించెను. ఆ గ్రామము నేటి ఉంగుటూరు మండలములో నున్నది. తండ్రి శోభనాద్రి, తల్లి పార్వతమ్మ. శోభనాద్రి కలిగినవాడు, చేయి పెద్దది. కాశినుండి శివలింగమును తెచ్చి నందమూరులో విశ్వేశ్వరాలయమును కట్టించెను. అడిగినవానికి లేదనక యిచ్చుటచే ఆస్తి కరగిపోయినది. కుమారునకు మిగిలినవి ఆలయమును, దాతృత్వపు కీర్తియు, అప్పటి గ్రామజీవనపు జ్ఞాపకములును మాత్రమే. తరువాతి కాలమున వేయిపడగలలో సుబ్బన్నపేట యను ఊరు వెలసినప్పుడు, ఇచ్చి యిచ్చి చితికిపోయిన తండ్రియు, ఆ కీర్తిని తప్ప మరేమియు పొందని కుమారుడును అందు కనబడిరి. ఆ నవలలో స్వీయచరిత్ర పాలెంత యని విమర్శకులు చాలకాలము వాదించుకొనిరి. పేర్లు మారినను ఊపిరి నందమూరుదే యని ఆ ప్రాంతమెరిగిన వారికి తెలియును.

ఆ కాలపు గ్రామమునకు సాహిత్యము చెవి ద్వారా అందెడిది. హరికథ, తోలుబొమ్మలాట, జంగముకథ, యక్షగానము, రాత్రివేళ పురాణకాలక్షేపము, ఇవి యన్నియు వినవలసినవే. అక్షరము రానివాడును భారతకథను పూర్ణముగా నెరిగియుండెడివాడు. కథను ఎక్కడ సాగదీయవలెనో, ఎక్కడ ఆపి పిట్టకథ చెప్పవలెనో, వినువారు కునుకుపాట్లు పడునప్పుడు గొంతు నెట్లు మార్చవలెనో ఆ కథకులకు తెలిసియుండెను. విశ్వనాథ వచనమును నిదానముగా చదివినవారికి ఈ విద్య యంతయు అందు కనబడును. ఆయన నవలలలో కథ నడుమ ఆగి శాస్త్రచర్చ చేయును, సంగీతము చెప్పును, పంటల గురించి చెప్పును, మరల వచ్చి కథను పట్టుకొనును. అచ్చు పుటపై ఇది దోషముగా తోచును. మంటపములో కూర్చుండి వినువానికి ఇది దోషము కాదు, అలవాటు.

వీథిబడి చదువు ముగిసిన పిమ్మట పై చదువునకై విశ్వనాథ బందరు చేరెను. నాటి బందరు విద్యకును, జాతీయభావమునకును పట్టుగొమ్మ. రాబర్టు నోబులు 1843లో స్థాపించిన పాఠశాల కాలక్రమమున కళాశాలగా పెరిగినది. 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యల కృషి వలన 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. వీని యన్నింటికంటె విశ్వనాథకు ముఖ్యమైనది మరియొకటి కలదు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హైస్కూలులో తెలుగు చెప్పుచుండెను.

చెళ్లపిళ్లవారి పాఠము పుస్తకములోని పాఠము కాదు. ఆయన శతావధాని. సభలో వందమంది కోరిన వంద విషయములపై వరుసగా చరణములు చెప్పి, చివర అన్నిటిని పూర్తిగా అప్పగించిన వాడు. అవధానమున కాగితమునకు చోటు లేదు. పద్యము బుద్ధిలో పుట్టి, నాలుకపై రూపొంది, శ్రోత చెవిలో పడుటతో దాని పని ముగియును. ఆ గురువు వద్ద చేరిన శిష్యులలో ఆర్తమూరు నుండి వచ్చిన పింగళి లక్ష్మీకాంతము, మన ఉయ్యూరు ప్రక్కనున్న కాటూరు నుండి వచ్చిన కాటూరి వేంకటేశ్వరరావు కలరు. వీరిరువురును జంటకవులై సౌందరనందము రచించిరి. భార్యపై మోహమునకును, బుద్ధుని బోధకును నడుమ నలిగిన నందుని కథ యది. ప్రేమకథను ప్రౌఢముగా చెప్పవచ్చునని చూపిన కావ్యము. విశ్వనాథ ప్రధానముగా ఒంటరిగా నడచెను. అయినను నోటితో అల్లుట యను గురువుగారి విద్యను శిష్యులందరికంటె దూరము తీసికొనిపోయినది ఆయనయే. గురువు పద్యమున చేసిన దానిని శిష్యుడు నవలలో చేసినాడు.

సహాయ నిరాకరణోద్యమము వచ్చినప్పుడు విశ్వనాథ దానివైపు మొగ్గి, ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసెను. జీతము స్వల్పము, సంసారము పెద్దది. ఆ సంవత్సరములలోనే ఆంధ్రప్రశస్తి, గిరికుమారుని ప్రేమగీతములు, కిన్నెరసాని పాటలు మొదలైన రచనలు వచ్చినవి. భావకవిత్వము తెలుగుదేశమును ఊపివేయుచున్న దినములవి. ప్రేయసి ఊహాలోకములో నుండవలెను, ప్రియుడు కన్నీటితో తిరుగవలెను అను సంప్రదాయ మేర్పడుచుండెను. విశ్వనాథ ఆ గాలిని కొంత పీల్చెను గాని అందులో కొట్టుకొనిపోలేదు. ఆయన కిన్నెర ఊహాసుందరి మాత్రమే కాదు. అత్తతోడి కలహము వలన ఇల్లు విడిచి, అడవిలో వాగై ప్రవహించిన కోడలు ఆమె. ప్రేమకు ఇల్లును, అత్తయు, కోపమును, పశ్చాత్తాపమును ఉండునని చెప్పుటయే ఆయన ప్రత్యేకత. నవలాకారుడు అప్పటికే ఆ కవిలో మేల్కొనియుండెను.

ఏకవీర నవల 1929 నుండి 1931 వరకు భారతి మాసపత్రికలో ధారావాహికముగా వెలువడెను. ఆ పత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సైతము కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమువాడే. ఏకవీర కథ నాయకరాజుల కాలపు మధురలో జరుగును. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. సేతుపతి మీనాక్షిని ప్రేమించెను. వీరభూపతి ఏకవీరను ప్రేమించెను. పెద్దల నిర్ణయము వలన సేతుపతికి ఏకవీరతోను, వీరభూపతికి మీనాక్షితోను వివాహములు జరిగినవి. ఒకని ప్రేయసి రెండవవాని భార్య యైనదని మిత్రులకు తెలియదు. నాలుగు హృదయములు, రెండు ఇండ్లు, నడుమ వైగై నది. కథ విషాదాంతము.

ప్రేమకథలు చదువు యువతీయువకులకు మొట్టమొదట నేనీ నవలనే సూచింతును. దానికి కారణము కలదు. ఈ కథలో దుష్టుడు లేడు. సాధారణముగా ప్రేమకథలలో ప్రేమికులకు అడ్డుపడువా డొకడుండును. వానిపై కోపము తెచ్చుకొని పాఠకుడు తేలికపడును. ఏకవీరలో ఆ సౌకర్యము లేదు. నలుగురును మంచివారే. నలుగురును ధర్మము తప్పకుండ బ్రతుకవలెనని పెనుగులాడిరి. మనసు ఒక చోటను, మాట యిచ్చినది మరియొక చోటను ఉన్నప్పుడు మంచివాని మంచితనమే వానికి ఎట్లు శిక్ష యగునో ఈ నవల చూపినది. సేతుపతి తన భార్యను ప్రేమింపలేకపోవుట నేరమా, దుఃఖమా యని తరగతిలో అడిగిన యెడల ఇరువదియేండ్ల విద్యార్థులు రెండు పక్షములై వాదింతురు. ప్రేమకథ పాఠకుని ఇంతదూరము తీసికొనిపోయినచో అది తన పని చేసినట్లే. నిడివియు మితముగా నుండుటచే వినుటకును అనువైనది.

ఇక 1934వ సంవత్సరమునకు వత్తము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీని ప్రకటించెను. విశ్వనాథ 29 దినములలో వేయిపడగలను ఆశువుగా చెప్పెను. తమ్ముడు వేంకటేశ్వర్లు వ్రాసికొనెను. వ్రాతప్రతి వేయిపుటలకు ఒకటి తక్కువ యని ప్రసిద్ధి. చెప్పువాడు ఆగడు, వ్రాయువాని చేయి ఆగరాదు. ఈ వేగమును అద్భుతముగా చెప్పుకొనుట మనకలవాటు. వేగము కంటె ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. చెప్పువానికి వెనుకకు తిరిగి కొట్టివేయు నవకాశము లేదు. నోరు జారిన వాక్యము నిలిచిపోవును. ఆగ్రహము వచ్చినప్పుడు ఆగ్రహమును, కన్నీరు వచ్చినప్పుడు కన్నీరును కాగితముపై పడును. వేయిపడగలలో గొప్ప ఘట్టములును, విసుగు పుట్టించు ఉపన్యాసములును పక్కపక్కనే యుండుటకు మూలమిదియే. దేవదాసి కూతురు గిరిక వేణుగోపాలస్వామినే భర్తగా భావించి జీవితమును నృత్యములో అర్పించు భాగమును విన్నవాడు మరువలేడు. దాని తరువాత కొంతదూరములోనే ధర్మారావు విద్యావిధానముపై చేయు దీర్ఘచర్చలో అదే శ్రోత నిద్రపోవచ్చును.

బహుమానము ఒక్కనికి రాలేదు. వేయిపడగలకును, అడివి బాపిరాజు నారాయణరావు నవలకును చెరిసగము పంచిరి. ఈ తీర్పు మన నవలావిమర్శ చరిత్రలో గుర్తుంచుకొనదగిన ఘట్టము. బాపిరాజు గోదావరి మండలమువాడు, చిత్రకారుడు, గాయకుడు. ఆయనయు బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసెను. అనగా నాటి రెండు శ్రేష్ఠ నవలల కర్తలును మన బందరు కళాశాలతో సంబంధము గలవారే. ఇరువురి మార్గములు మాత్రము వేరు. నారాయణరావు సంపన్నుడైన గ్రామీణ యువకుడు. అతడు జమీందారు కుమార్తె శారదను వివాహమాడును. పెండ్లియైన పిమ్మట ఆమె హృదయమును మెల్లమెల్లగా గెలుచుకొనుట ఆ నవలలోని మాధుర్యము. అది వెలుగు నిండిన పుస్తకము. ఆధునికత యందు దానికి భయము లేదు. వేయిపడగలు అట్లు కాదు. పాతయూరు చచ్చిపోవుచుండగా పక్కన కూర్చుండి నాడి చూచు పుస్తకమది. ఒకదానియందు ఆశయు, రెండవదానియందు శోకమును ప్రధానములు. పరీక్షకులు ఆశకును శోకమునకును సమానముగా మార్కులు వేసిరి. ఈనాటికిని యువపాఠకునకు రెండును చేతికిచ్చి, ఏది నీకు దగ్గరగా నున్నదని అడుగుట మంచి పద్ధతి. ఏదో ఒకటి మాత్రమే యిచ్చుట వానిని సగము బహుమానముతో పంపివేయుట.

సమాజమునకును, విశ్వనాథకును నడుమ నిజమైన తగాదా చెలియలికట్ట నవలతో ముదిరినది. చలము మైదానము 1927లో వచ్చినది. భర్తను విడిచి ప్రియునితో వెళ్లిపోయిన రాజేశ్వరి తన కథను తానే చెప్పుకొను నవల యది. యువకులు దానిని రహస్యముగా చదివిరి. పెద్దలు బహిరంగముగా నిందించిరి. చెలియలికట్ట దానికి సమాధానముగా పుట్టినదని సాహిత్యలోకము భావించినది. ఇందును ఒక యువతి గడప దాటును. అయితే ఆమె చదువుకొనును, ఆలోచించును, తాను వచ్చిన దారిని తానే విచారణ చేసికొనును. చెలియలికట్ట యనగా సముద్రము దాటరాని హద్దు. పేరులోనే తీర్పు కలదు.

ఈ రెండు నవలలను గూర్చి నిష్పక్షపాతముగా మాటాడుట నేటికిని సులభము కాదు. చలము పక్షమువారు విశ్వనాథను ఛాందసుడనిరి. విశ్వనాథ పక్షమువారు చలమును విచ్ఛేదకుడనిరి. సమీక్షకుడు చేయవలసిన పని వేరు. మైదానములో హృదయవేగము కలదు, రాజేశ్వరి గొంతు సత్యముగా నున్నది. ఆమె తప్ప మిగిలిన లోకమంతయు అందు నీడ మాత్రమే. చెలియలికట్టలో బుద్ధిబలము కలదు, వాదము గట్టిది. కాని కొన్నిచోట్ల పాత్ర నోట రచయితయే మాటాడుచున్నాడని శ్రోత వెంటనే గుర్తించును. చదివి వినిపించినచో ఈ భేదము మరింత స్పష్టమగును. కన్ను దాటిపోయిన దానిని చెవి పట్టుకొనును. ప్రేమ హద్దులను గూర్చి ఆలోచించు వయసున ఈ రెండింటిని కలిపి చదువుట కంటె మంచి శిక్షణ లేదు. ఒక్కదానినే చదివినవాడు ఆవేశపరుడో, న్యాయాధికారియో యగును. రెండును చదివినవాడు మనుష్యుడగును.

విశ్వనాథ భావములలో నేడు మనము అంగీకరింపలేనివి కలవని చెప్పకపోవుట ఆయనకు గౌరవము కాదు. వర్ణవ్యవస్థను ఆయన సమర్థించెను. స్త్రీ స్వాతంత్ర్యము, ఆంగ్లవిద్య, ఆధునిక రాజకీయములు మొదలైన వానిపై ఆయన చూపు అనుమానపు చూపు. తాను చూచిన గ్రామములో సామరస్యమును చూచినంతగా, ఆ సామరస్యమునకై క్రింద నలిగినవారిని చూడలేదు. వేయిపడగలను వినిపించునప్పుడు ఈ మాట ముందుగా చెప్పవలెను. చెప్పిన పిమ్మటను ఆ నవల నిలుచును. తనకిష్టమైనది నశించుచుండగా మనిషి పడు వేదన పక్షభేదము లేకుండ అందరికిని తెలిసినదే. కరకట్ట తెగిన యేడు దివిసీమవానికి, కాలువ యెండిన యేడు గుడివాడ రైతునకు, చేనేత మగ్గ మాగిన దినమున పెడన నేతగానికి ఆ వేదన తెలియును. ఆ వేదనను విశ్వనాథ తెలుగులో చెప్పినంత దీర్ఘముగా మరియొకరు చెప్పలేదు.

ఆయన స్వంత జీవితమును వేదనకు దూరము కాదు. మొదటి భార్య వరలక్ష్మమ్మ చిన్నవయసుననే మరణించెను. ఆమె స్మృతిగా వరలక్ష్మీ త్రిశతి వెలువడినది. వేయిపడగలలో ధర్మారావు భార్య అరుంధతి మరణమును చదివిన విమర్శకులు ఈ శోకమునే అందు గుర్తించిరి. బందరు విడిచిన పిమ్మట గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, 1938 నుండి విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలోను ఆయన తెలుగు చెప్పెను. విజయవాడలో ఇరువది సంవత్సరములకు పైగా గడచినవి. అక్కడి విద్యార్థులలో నందమూరి తారక రామారావు ఒకడు. కళాశాల నాటకములో స్త్రీపాత్ర వచ్చినప్పుడు ఆ యువకుడు మీసము తీయుటకు అంగీకరింపక నాగమ్మ వేషము వేసెనను కథ నేటికిని చెప్పుకొందురు. 1959లో విశ్వనాథ కరీంనగరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లెను. కృష్ణాతీరపు పండితుడు అక్కడి తెలుగుతో కలిసిన కాలమది. జువ్వాడి గౌతమరావు వంటి మిత్రులు అక్కడి అనుబంధమే. గౌతమరావు కల్పవృక్ష పద్యములను చదువు తీరు చేతనే అనేకులకు ఆ కావ్యము చేరువైనది. విశ్వనాథను కన్నుల కంటె చెవుల ద్వారా తెలిసికొనుట తేలిక యనుటకు ఇదియొక నిదర్శనము.

నోటితో చెప్పు అలవాటు వయసుతో పెరిగినది. ఆయన నవలలు అరువదికి దగ్గరగా నున్నవి. వానిలో పెక్కింటిని శిష్యులును మిత్రులును వ్రాసికొనిరి. భారతదేశ చరిత్రను పురాణముల కాలగణన ననుసరించి చెప్పదలచి పురాణవైర గ్రంథమాల యను పేర 12 నవలలను, కాశ్మీర, నేపాల రాజవంశములపై మరికొన్ని నవలలను వెలువరించెను. వీనిలో కథాకల్పన కలదు గాని వేయిపడగలలోని ప్రాణము అన్నింట లేదు. ఒకే గొంతు చాలసేపు మాటాడినప్పుడు శ్రోత అలసిపోవుట సహజము. చరిత్రకారులు ఆ కాలగణనను అంగీకరింపలేదు. నవలగా చదువువాడు చరిత్రగా నమ్మవలసిన పనియు లేదు.

అదే కాలములో, అంతకు ముందును, ఆయన చెప్పిన చిన్నపుస్తకములలో రెండింటిని యువకుల కొరకు వేరుగా పేర్కొనవలెను. హాహాహూహూలో గుఱ్ఱపుముఖము గల గంధర్వుడు లండను నగరములోని ట్రఫాల్గరు కూడలిలో వచ్చి పడును. అతడు సంస్కృతము మాటాడును. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు అతడు మనుష్యుడో, మృగమో తేల్చుకొనలేక తికమకపడుదురు. వింతవానిని చూచి నవ్వుకొన్న నాగరికతను ఆ వింతవాడే చూచి నవ్వును. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్రకర్త విష్ణుశర్మయు, తిక్కనసోమయాజియు రచయిత కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పుమందురు. ఆ భాషలోని వర్ణక్రమపు చిక్కులు ఆ పండితులిరువురి ప్రశ్నల ముందు నిలువలేక నవ్వులపాలగును. గంభీరుడని పేరుపడినవాడు ఇంత నవ్వింపగలడని తెలియనివారు మన విద్యార్థులలో చాలమంది కలరు. వినిపించినచో మొదటి పది నిమిషములలోనే వారా భ్రమను విడుతురు.

జీవితపు చివరి దశలో కీర్తి అన్ని దిక్కులనుండియు వచ్చినది. విశ్వనాథ మధ్యాక్కరలకు 1962లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పి.వి. నరసింహారావు వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి అనువదింపగా 1968లో వెలువడినది. ఆ యనువాదకుడు తరువాతి కాలమున భారత ప్రధానమంత్రి యయ్యెను. 1969లో ఏకవీర చలనచిత్రముగా వచ్చినది. సి.ఎస్. రావు దర్శకత్వము, సి. నారాయణరెడ్డి సంభాషణలు, కె.వి. మహాదేవన్ సంగీతము. మీసము తీయనన్న పాతవిద్యార్థి తారక రామారావు అందు నాయకుడు. కాంతారావు రెండవ నాయకుడు. పుస్తకమును చదువనివారు సైతము ఆ పాటల ద్వారా ఏకవీర పేరు వినిరి. 1970వ సంవత్సరమునకు శ్రీమద్రామాయణ కల్పవృక్షమునకు జ్ఞానపీఠ పురస్కారము ప్రకటింపబడినది. తెలుగునకు ఆ గౌరవము లభించుట అదియే మొదటిసారి. 1976 అక్టోబరు 18వ తేదీన విశ్వనాథ కన్నుమూసెను.

ఆ పిమ్మట అర్ధశతాబ్దము గడచినది. ఆయన పుస్తకములు బీరువాలలో కలవు గాని చేతులలో తక్కువ. లావైన పుస్తకమును చూచి విద్యార్థి జంకును. పాతభాష యని ప్రక్కన పెట్టును. ఇట్టి సమయమున శ్రవణమార్గము ఒక సదవకాశము. ఏలయన, ఈ నవలలు కాగితము పైకి వచ్చుటకు ముందు గాలిలో వినబడినవి. వానిని మరల గాలిలోనికి తెచ్చుట పుట్టింటికి తెచ్చుటయే. పుటపై కొండవలె కనబడు వాక్యము, తెలిసినవాని నోట విరుపుతో పలికినప్పుడు మెట్లుగా విడిపోవును. శ్రోత ఒక్కొక్క మెట్టు ఎక్కి పోవును.

అయితే వినిపించువారికిని, విని సమీక్షించువారికిని కొన్ని బాధ్యతలు కలవు. మొదటిది ఉచ్చారణ. ఒత్తులు పోయినచో, శషసలు కలిసిపోయినచో విశ్వనాథ వాక్యము కుప్పగూలును. రెండవది పాత్రభేదము. జమీందారు పలుకు, దేవదాసి పలుకు, రైతు పలుకు ఒకే విధముగా నుండరాదు. అట్లని నాటకమువలె అరవను రాదు. మూడవది సంక్షేపము. కాలము లేదని వేయిపడగలను రెండు గంటలకు కుదించి వినిపించినచో శ్రోతకు కథ తెలియును, నవల తెలియదు. విసుగు పుట్టించు భాగములు సైతము ఆ పుస్తకపు స్వభావములోనివే. కుదింపవలసివచ్చినచో కుదించితిమని స్పష్టముగా చెప్పవలెను. నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. మంచి గొంతు చెడ్డ వాదమును సైతము తీయగా చేయగలదు. పుస్తకము చదువువాడు ఆగి ఆలోచించును. వినువాడు ప్రవాహములో కొట్టుకొనిపోవును. కనుక చెవితో విన్నవాడు తీర్పు చెప్పుటకు ముందు సందేహము కలిగిన భాగమును కంటితో ఒకసారి చదువవలెను. ఆ నియమమును పాటించిన శ్రోత సమీక్షకుడగుటకు పూర్తిగా అర్హుడు.

క్రొత్తగా ఆరంభించువారు హాహాహూహూతోను, విష్ణుశర్మతోను ఆరంభింపవచ్చును. నవ్విన పిమ్మట ఏకవీర వినవలెను. అటుపిమ్మట చెలియలికట్టను మైదానముతోను, వేయిపడగలను నారాయణరావుతోను జతచేసి పరిశీలింపవలెను. ఈ క్రమములో పోయినవానికి విశ్వనాథతో ఏకీభవించుట తప్పనిసరి కాదు. ఆయనతో వాదించుటకు కావలసిన పరిచయము మాత్రము కలుగును. నందమూరు ఆలయమంటపములో కూర్చుండి కథలు విన్న బాలుడు పెద్దవాడై మనకు కథలు చెప్పెను. అంగీకరించుచునో, కాదనుచునో ఊకొట్టువా డుండవలెను. ఊకొట్టువాడు లేని కథ ముందుకు సాగదు.